స్తంభానికి రాసిన సున్నం

పరదేశయ్యగారు తాంబూలం వేసుకోరు. ఆ మాటకొస్తే ఆయన కాఫీ తాగరు, పొడుం పీల్చరు, ఎవరింటికీ ఏదీ అడగడానికి వెళ్ళరు. నాగావళి ఒడ్డున మేము ఆశ్రమం అని గొప్పగా చెప్పుకునే తాటాకు పాకలో ఆయన దగ్గర తత్త్వాలు నేర్చుకునే కొద్దిమందికీ ఆయన అవసరాలేమిటో బాగా తెలుసు. రెండు పూటలా గంజి, ఉతికిన పంచె, మధ్యాహ్నం కాసేపు మేమందరం నోరు మూసుకోవడం. అలాంటి మనిషి రోజూ పొద్దున్నే ఏట్లో స్నానం చేసి వస్తూ, దారిలో సన్నెమ్మ గుమ్మం ముందు ఆగి సున్నం అడిగేవారు.

"అప్పా, కాస్త సున్నం ఇస్తావా?"

ఆయన అక్కా అన్నట్టు అప్పా అని పిలిచే సన్నెమ్మకు ఎనభై దాటాయి. ఒంటరి మనిషి. ఆమె పెనిమిటి బతికుండగా ఏరు సముద్రంలో కలిసేచోట గుల్లలు ఏరి తెచ్చి, పెరట్లో బట్టీ పెట్టి కాల్చి, చుట్టుపక్కల ఊళ్ళకు సున్నం అమ్మేవాడు. అతను పోయాక బట్టీ చల్లారింది. చివరిసారి కాల్చిన గుల్లల సున్నం మాత్రం వెనక గదిలో పెద్ద కుండలో నీళ్ళకింద ఉండేది. పైన నీళ్ళు ఆరకుండా చూసుకున్నంతకాలం సున్నం ఏళ్ళ తరబడి వెన్నలా ఉంటుంది. ఆరిందంటే రాయే. అందుకని ఆమె రోజూ మూత తీసి చూసి, చెంబుతో ఇన్ని నీళ్ళు పోసేది.

బయటినుంచి ఆయన పిలవగానే లోపలినుంచి "ఉండండి బాబూ, వత్తన్నాను" అని వినిపించేది. తరవాత మంచం కిర్రుమనేది. చేతికర్ర చప్పుడు గోడ వెంట వెనక గదికి వెళ్ళి, కుండ మూత తీసి పెట్టిన శబ్దమై, మళ్ళీ నెమ్మదిగా గుమ్మం దాకా వచ్చేది. అంతసేపూ పరదేశయ్యగారు తడిబట్టతో అలాగే నిలబడి ఉండేవారు. చలికాలం కూడా. ఆమె పిడత ముందుకు జాపితే వేలితో కాస్త తీసుకుని, "ఈ వేళ కూరేమిటప్పా?" అని అడిగేవారు. ఆమె చెప్పేది. ఒకోసారి కూరకంటే ముందు మోకాళ్ళ సంగతి చెప్పేది. అదీ వినేవారు.

ఆ సున్నం వేలిమీదే పెట్టుకుని ఆశ్రమానికి వచ్చి, పాకలో మొదటి స్తంభానికి రాసేసి, కాళ్ళు కడుక్కుని కూర్చునేవారు. ఏళ్ళ తరబడి రాసిన సున్నంతో ఆ స్తంభం ఒకవైపు ఉబ్బిపోయింది. స్తంభాలకీ గోడలకీ సున్నం పులిమేవాళ్ళని చూస్తే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎంత తిడతారో అందరికీ తెలుసు. గురువుగారిని తిట్టేవాళ్ళెవరు? కొత్తగా వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు, పాతబడ్డాక అలవాటుపడేవారు. అంతే.

జోగినాథం మా దగ్గరికి వచ్చిన ఏడాదే ఇది జరిగింది. ముప్ఫై ఏళ్ళవాడు, మంచివాడు. ఎంత మంచివాడంటే పక్కవాడి కంచంలో పెరుగు తక్కువైందని తెలిస్తే అతనికి ముద్ద దిగదు. పార్వతీపురంలో అతని మేనత్త రత్నాంబ ఒక్కతే ఉంటోంది. తల్లి పోయినప్పటినుంచీ అతన్ని పెంచింది ఆమే. ఈ మధ్య పెరట్లో జారిపడింది. దెబ్బ చిన్నదే, కానీ జోగినాథానికి నిద్ర పోయింది. ఒక రోజు పాఠం అయిపోయాక గురువుగారి ముందు చేతులు కట్టుకుని అడిగాడు.

"గురువుగారూ, మా అత్తని ఇక్కడికి తెచ్చేయాలని ఉంది. మన దగ్గర గది ఖాళీగా ఉంది, వేళకి అన్నం ఉంటుంది, పదిమందిమి ఉన్నాం. ఆవిడేమో ఇల్లు కదలనంటుంది. నేను చేయగలిగిందంతా చేస్తూనే ఉన్నాను. వెళ్ళినప్పుడల్లా సంచుల నిండా పళ్ళూ పప్పులూ తీసుకెళ్తాను. పెద్దవాళ్ళ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకూడదు కదా. ఆవిడని పొయ్యి దగ్గరికి పోనివ్వను. ఆవిడకి శ్రమ ఎందుకని దారిలో హోటల్లో తినేసే వెళ్తాను. ఇల్లంతా నేనే కడిగి వస్తాను. అయినా వెళ్ళిన ప్రతిసారీ మనిషి ఇంకాస్త తగ్గిపోయి కనిపిస్తోంది. వినకపోయినా తీసుకొచ్చేయమంటారా?"

పరదేశయ్యగారు మర్నాడు ప్రయాణం పెట్టుకున్నారు. ఎగువన ఒక ఊరివాళ్ళు వానాకాలం అయ్యేదాకా తమ దగ్గర ఉండి తత్త్వాలు చెప్పమని పిలిచారు. ఆయన పంచె మడత పెట్టుకుంటూ అన్నారు.

"వచ్చాక చెబుతాను. నేను లేనన్నాళ్ళూ పొద్దున్నే సన్నెమ్మప్ప దగ్గర సున్నం అడిగి తెచ్చి, ఆ స్తంభానికి రాస్తూ ఉండు."

ప్రశ్న ఎక్కడ, ఈ జవాబెక్కడ అని మాకు నవ్వొచ్చింది. జోగినాథం నవ్వలేదు. గురువు చెప్పిన పని.

మొదటి రోజు అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి సున్నం అడిగాడు. లోపల మంచం కిర్రుమంది, కర్ర కదిలింది. గోడ పట్టుకుని ఆమె వెనక గదికి నడుస్తుంటే మోకాళ్ళు పట్టేసి మధ్యలో ఆగడం అతను కళ్ళారా చూశాడు. అతని ప్రాణం ఉసూరుమంది. ఏ ఉపయోగమూ లేకుండా స్తంభానికి పులిమే సున్నం కోసం ముసలిప్రాణాన్ని ఇంత హింస పెట్టాలా అనుకున్నాడు. మరో రెండు రోజులు చూసి, ఆ తరవాత "నువ్వు లేవకు మామ్మా, నేను తీసుకుంటాను" అని తానే లోపలికి వెళ్ళి తీసుకోవడం మొదలుపెట్టాడు. కుండలో నీళ్ళు కూడా తానే పోశాడు. ఆ తరవాత అదీ మానేసి అంగట్లో సున్నం డబ్బీ ఒకటి తెచ్చి పెట్టుకుని, దాంట్లోంచి స్తంభానికి రాసేవాడు. ఆమెకు మాత్రం రెండు పూటలా ఆశ్రమం వంటింట్లోంచి కేరేజీ తీసుకెళ్ళేవాడు. నీళ్ళు మోసేవాడు, ఇల్లు ఊడ్చేవాడు.

అన్నం పెట్టినవాళ్ళకి సున్నం పెట్టేవాళ్ళని లోకం తిడుతుంది. మా జోగినాథం సున్నం పెట్టే మనిషికి అన్నం పెట్టాడు. అందులో తప్పేమిటని ఎవరైనా అంటారు, మేమూ అదే అన్నాం. నిజానికి అతన్ని చూసి మాకు కాస్త సిగ్గు కూడా వేసింది. ఇన్నేళ్ళుగా ఆ దారినే పోతూ ఉన్నాం, మాలో ఒక్కరికీ ఆమెకు ఒక బిందె నీళ్ళు తెచ్చిపెట్టాలని తోచలేదు.

వానలు పట్టాయి. సన్నెమ్మ మొదట పొయ్యి వెలిగించడం మానేసింది. ఒక్కదానికి కేరేజీ వస్తుంటే పొయ్యెందుకు? తరవాత గుమ్మంలోకి రావడం మానేసింది. ఎవరూ పిలవడం లేదు, ఎందుకు రావాలి? పెరట్లో తమలపాకు తీగ పందిరి మీంచి జారి వేలాడుతున్నా ఆమె చూసుకోలేదు. ఒకనాటి పొద్దున్న జోగినాథం వెళ్ళేసరికి మంచం మీదనుంచి లేవలేకపోతోంది. ఎక్కడా దెబ్బ లేదు, జ్వరం లేదు. కాళ్ళు నిలబడనంటున్నాయి, అంతే. అతను కంగారుపడి, "మామ్మా, ఇంక ఇక్కడ ఒక్కదానివీ ఉండలేవు. మా దగ్గరికి వచ్చేయ్" అన్నాడు.

"మీ ఇట్టం బాబూ," అంది సన్నెమ్మ.

ఆమె నోట ఆ మాట మేమెవరమూ అంతకుముందు వినలేదు. ఊళ్ళో పెద్దలు ఆమె బట్టీ స్థలం అడిగితే చీపురు చూపించిన మనిషి ఆమె. జోగినాథం మాత్రం దాన్ని ఒప్పుకోలుగానే తీసుకున్నాడు. ఇంటికి తాళం వేసి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. ఖాళీ గదిలో మెత్తటి పరుపు వేశాం. కొత్త దుప్పటి ఇచ్చాం. ఆ సాయంత్రం జోగినాథం ముఖం చూడాలి. మేనత్తను తెచ్చుకున్నంత సంబరపడ్డాడు.

సన్నెమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పెట్టింది తింది. ఎలా ఉందంటే బాగుందనేది. ఒకసారి మాత్రం కంచం చూస్తూ, "కూర బాగుంది గాని బాబూ, ఈ పూట ఏటి వొండాలో నాను అనుకోలేదు గదా" అంది. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. పొద్దున్నే మెలకువ వచ్చాక మంచానికి ఏ వైపు దిగాలో తెలియక కాసేపు తడుముకునేది. తన ఇంట్లో పొద్దుటెండ వెనక గది గోడ మీద ఏ పగులు దాకా వస్తే ఏ వేళో ఆమెకు తెలుసు. ఇక్కడి ఎండ ఆమెకు ఏమీ చెప్పేది కాదు. రోజంతా వాకిట్లో తన వీధి వైపు తిరిగి కూర్చునేది. అక్కడినుంచి ఇల్లు కనిపించదు. అయినా అటే చూసేది. ఎవరైనా దగ్గరికి వెళ్తే ఒకటే అడిగేది, "కుండలో నీళ్ళు ఆరిపోయి ఉంటాయేమో?" మేము చూస్తాం అనేవాళ్ళం. ఎవరమూ చూడలేదు. స్తంభానికి పులిమే సున్నం కోసం తాళం తీసుకుని వానలో ఎవరు పోతారు? ఆ మనిషి ఇంటికోసం అలా లోపల్లోపల ఎండిపోతుంటే, వేళకి అన్నం పెడుతున్నాం కదా అని మేము హాయిగా ఉన్నాం.

వానలు తగ్గాక ఒక సాయంత్రం పరదేశయ్యగారు తిరిగొచ్చారు. వాకిట్లో సన్నెమ్మను చూసి చేతులు జోడించి, "బాగున్నావా అప్పా?" అన్నారు. బాగున్నానంది. ఆయన తల వంచుకుని లోపలికి వెళ్ళారు. జోగినాథం జరిగినదంతా చెప్పుకున్నాడు. డబ్బీ సున్నం సంగతి కూడా దాచలేదు. ఆయన ఊఁ కొట్టారు.

మర్నాడు పొద్దున్న ఆయనతో ఏటికి జోగినాథమే వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఆయన అలవాటుగా సన్నెమ్మ గుమ్మం ముందు ఆగారు. తలుపుకి తాళం ఉంది. జోగినాథం గుర్తుచేయబోయాడు గాని ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు. ఆయన ఏమీ పిలవలేదు. లోపల మంచం కిర్రుమని, కర్ర గోడ వెంట వెళ్ళి, మూత తీసి, మళ్ళీ గుమ్మం దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆ తాళం ముందు తడిబట్టతో నిలబడ్డారు. తరవాత కదిలారు. ఆశ్రమానికి వచ్చాక స్తంభం దగ్గర చెయ్యి సగం దాకా ఎత్తి, ఏమీ లేని వేలిని చూసుకుని, కిందికి దించేశారు. డెబ్భై ఏళ్ళ మనిషి, మాకు నాలుగు ముక్కలు నేర్పి సంసారం మాయ అని చెప్పే మనిషి, ఆ పొద్దున్న ఇల్లు తప్పిన పిల్లాడిలా కనిపించారని జోగినాథం తరవాత మాతో చెప్పాడు.

ఆ పూట అతను గంజి పట్టుకుని వెళ్తే సన్నెమ్మ గిన్నె అందుకోకుండా అడిగింది.

"బాబుగారు ఈ పొద్దున్న ఏటికెల్లినారా?"

"వెళ్ళారు మామ్మా."

"మా గుమ్మం కాడ నిలబడ్డారా?"

జోగినాథానికి అబద్ధం రాదు. "నిలబడ్డారు" అన్నాడు.

"ఎంతసేపు?"

"చాలాసేపే."

సన్నెమ్మ గిన్నె పక్కకి నెట్టేసింది. "కర్రిలా ఇయ్యి. తాళం ఎవుల కాడుంది? గుమ్మంలోకొచ్చి అడిగినోలు ఉత్త చేత్తో తిరిగెల్లిపోతే ఆ ఇల్లు ఇల్లేటి?"

జోగినాథం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంక చెప్పక తప్పదనిపించి, మెల్లగా చెప్పాడు. "మామ్మా, నువ్వు అనుకుంటున్నట్టు కాదు. ఆయన తాంబూలం వేసుకోరు. ఇన్నాళ్ళూ నువ్విచ్చిన సున్నమంతా అదిగో, ఆ స్తంభానికే రాసేశారు. దానికోసం నువ్వు అంత కష్టపడి వెళ్ళనక్కర్లేదు."

సన్నెమ్మ స్తంభం వైపు చూసింది. కర్ర ఆనించుకుని లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచిందని మేము తరవాత గాని గమనించలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ స్తంభం దగ్గరికి వెళ్ళి, ఉబ్బిన సున్నం మీద అరచెయ్యి వేసి నిమిరింది. ఆమె మనసు విరిగిపోతుందని మేము భయపడుతున్నాం. ఆమె నవ్వుతోంది.

"నాకు తెల్దేటి బాబూ? ఆయన పళ్ళు నాను సూడలేదేటి? మల్లిమొగ్గల్లాగుంటాయి. ఒక్కనాడు ఆకేసిన నోరు కాదది."

"తెలిసీ రోజూ ఇచ్చావా?" అన్నాడు జోగినాథం.

"ఆ బాబుకి మాత్తరం ఎవులున్నారు? ఏటికెల్లొచ్చి నిలబడ్డానికి ఒక గుమ్మం ఉండాల గదా. ఊరికినే నిలబడితే బాగోదని సున్నమడిగీవారు. అడిగినారు గదాని నాను లెగిసీదాన్ని." ఇంకోసారి స్తంభాన్ని నిమిరి, "మా ఆయన కాల్చిన గుల్లలివి," అంది. "ఆరిపోతే మరి రావు బాబూ. నన్ను ఇంటికి తీసుకెల్లిపో."

పరదేశయ్యగారు లోపల ఉన్నారు. ఇదంతా విన్నారో లేదో తెలియదు. బయటికి మాత్రం రాలేదు.

ఆ రోజే ఆమెను తీసుకెళ్ళాం. ఈసారి కుర్చీ వద్దంది. మధ్యమధ్య కూర్చుంటూ, కనిపించినవాళ్ళనందరినీ పలకరిస్తూ నడిచింది. తలుపు తీయగానే నేరుగా వెనక గదికి వెళ్ళింది. మూత తీస్తే పైన నీళ్ళు లేవు. సున్నం పెచ్చు కట్టి బీటలు వేసింది. ఆమె గరిటె కాడతో పెచ్చును పొడిచింది. రెండోసారి పొడిస్తే విరిగింది. కింద ఇంకా మెత్తగా, తెల్లగా ఉంది. "నీళ్ళు" అంది చెయ్యి జాపి. జోగినాథం చెంబు నింపి తెచ్చి, కుండలో పోయబోయి ఆగి, ఆమె చేతికిచ్చాడు.

తరవాతి రోజుల్లో అతను ఆ ఇంట్లో పనులు చేయకపోలేదు. మంచం దగ్గరినుంచి వెనక గది దాకా గోడ వెంట పట్టుకోవడానికి వెదురు కట్టాడు. ఎంత ఎత్తున కట్టాలో ఆమెనే అడిగాడు. ఆమె రెండుసార్లు విప్పించి మళ్ళీ కట్టించింది. పెద్ద బిందె తీసేసి, ఆమె ఎత్తగలిగే చిన్న చెంబులు పెట్టాడు. గుమ్మం మెట్టు ఎత్తుగా ఉందని పక్కన ఒక బండరాయి వేశాడు. కేరేజీ మాత్రం ఆపేశాడు. మొదటి రోజు ఆమె వండిన ఆనపకాయ కూర మాడిపోయిందని ఊరంతా చెప్పుకుంది, ఆమె కూడా.

ఆమె ఇంటికి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పరదేశయ్యగారు ఏటినుంచి వస్తూ గుమ్మం ముందు ఆగారు. "అప్పా, కాస్త సున్నం ఇస్తావా?" అన్నారు. లోపలినుంచి "ఉండండి బాబూ" అని వినిపించింది. మునుపటికంటే ఎక్కువసేపే పట్టింది. ఆయన నిలబడ్డారు. జోగినాథం కూడా కదలకుండా నిలబడ్డాడు. లోపలికి పరిగెత్తబోయే కాళ్ళను ఆపుకోవడం ఎంత కష్టమో అతనికి ఆ రోజే తెలిసి ఉంటుంది.

ఆశ్రమానికి వచ్చి ఆయన సున్నం స్తంభానికి రాసి కాళ్ళు కడుక్కుంటుంటే, జోగినాథం చెంబుతో నీళ్ళు పోస్తూ తన పాత ప్రశ్న మళ్ళీ ఎత్తాడు.

"రేపు పార్వతీపురం వెళ్దామనుకుంటున్నాను గురువుగారూ. అత్తని తీసుకురావడానికి కాదు. చూసి రావడానికే. ఏం తీసుకెళ్ళమంటారు?"

పరదేశయ్యగారు వేలికి ఇంకా అంటుకుని ఉన్న సున్నాన్ని చూసుకున్నారు. దాన్ని కడుక్కోలేదు.

"ఉత్త చేతులతో వెళ్ళు," అన్నారు. "దారిలో ఏమీ తినకు."